పుస్తకానికి అటువైపు

ఉద్యోగ విరమణ తరువాత, వేలూరు నుండి గుడియాత్తంలోని ఒక నేతవీధికి వారానికి మూడు సాయంత్రాలు బస్సులో వెళ్లి, పెద్దలకు తెలుగు నేర్పేవాణ్ణి. వారు తెలుగు ధారాళంగా మాట్లాడతారు. చదవడం మాత్రం తమిళమే. బోర్డు లేదు, వాచకమే ఆధారం. ముందు చదవడం, తరువాతే రాయడం అని నేను క్రమం విధించాను. వరుసలో కూర్చోవాలని కూడా విధించాను గాని, అది మొదటిరోజే వీగిపోయింది. కొత్త పడుగు పోగులను పాత పోగులకు అతికేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, కబుర్లాడుతూ పనిచేయడం వారి అలవాటు. చదువుకూ అలాగే కూర్చున్నారు, ఇద్దరి మధ్య ఒక వాచకంతో.

వారిలో అరవై దాటిన ఒకావిడకు తొందర ఎక్కువ. ఆమె అత్తగారు అమ్మవారి పాటలను తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టి కాలం చేశారు. ఆ ఏటి పండుగలో పాట ఎత్తుకునే వంతు ఆ ఇంటి పెద్దకోడలైన ఈమెది. చదవలేకపోతే వంతు మరో ఇంటికి పోతుంది.

పండుగ వారం ఉందనగా నోటుపుస్తకం తెరిచి ఆమె చేతికిచ్చాను. ఒక్క అక్షరమూ చదవలేకపోయింది. మందలించబోతుండగా, ఆమె పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి గడగడా చదివింది. మూడు నెలలుగా వాచకం, ఆమెకు ఎదురుగా కూర్చునే పొరుగింటామె వైపే తిరిగి ఉండేదని అప్పుడు గ్రహించాను.

"ఇలా చదివితే జనం నవ్వరా? ఈ వారంలో సరిచేసుకోండి," అన్నాను.

"వారంలో యాడ అయితాదయ్యవారూ? నా కండ్లు ఇట్లానే పడినాయి."

పొరుగామె నవ్వింది. "మా వదినకు మొదట్నించీ అన్నీ తలకిందులేనప్పా."

"పుస్తకం నీ పక్కకే లాక్కుంటివి కదమ్మే, నేనేం చేసేది?"

పాట ఎత్తుకునేవారు ఒంటరిగా నిలబడాలన్నది ఆనవాయితీ. పండుగనాడు ఈమె అమ్మవారి ఎదుట చాప పరిచి కూర్చుంది. పొరుగామె ఎదురుగా కూర్చుని, పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని పట్టుకుంది.

"ఇదేం వళక్కమప్పా, ఎప్పుడూ లేని ఆనవాయితీ? పాడేది ఎవరు?" అన్నాడు వీధి పెద్ద.

"నేను పేజీ తిప్పేదానికి వచ్చినాను మామా. నోరు మూసుకోనే ఉండాను, చూడు."

"అది చూసేదానికే ఇంతమంది వచ్చినారు," అన్నారెవరో వెనకనుండి.

పాట మొదలయింది. అత్తగారి అక్షరాలు అలుక్కుపోయిన చోట ఆమె ఒక్క క్షణం ఆగింది. పొరుగామె మాట అందించకుండా, పుస్తకాన్ని దీపానికి కాస్త దగ్గరగా జరిపింది. పాట సాగింది. రెండో చరణానికి వీధి పెద్ద తాళాలు అందుకున్నాడు.