తొమ్మిది గంపల బూడిద

సర్వీసు చివరి ఏడాది, ఒక అబ్జర్వేటరీలో టెక్నికల్ అసిస్టెంటుగా ఉంటూ, ఇంటి నుంచి పని చేసుకునే అనుమతి మీద పలాస వచ్చేశాను. అక్కడ కూర్చుని పక్క గెలాక్సీలోని దుమ్మును ఒంటిచేత్తో తూచాను.

అంత లేదు. టెలిస్కోపు అంతరిక్షంలో ఉంది, బొమ్మలు నెట్‌లో వచ్చేవి. నక్షత్రాల మధ్య మసిలాంటి సన్నని దుమ్ము ఉంటుంది. అది వెచ్చబడి, కంటికి కనబడని పరారుణ కాంతి వెదజల్లుతుంది. ఆ వెలుగును బట్టి ఉష్ణోగ్రత, రెంటినీ బట్టి బరువు కట్టాలి. దుమ్మంతటికీ ఒకే ఉష్ణోగ్రత అనుకుని నేను లెక్క తేల్చాను. మా సెక్షన్ హెడ్ సంతోషించి, పరిశోధన పేపరు రచయితల్లో నా పేరూ చేరుస్తానన్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అదే మొదటిసారి. ఇక రెండోసారికి వ్యవధి లేదు.

ఆ కబురు చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. భార్య పోయి రెండేళ్లు. గోడవతల జీడిబట్టీలో పొయ్యి చూసే లచ్చమ్మకు చెప్పాను. ఆవిడ జీడితొక్కలు కాల్చిన బూడిద ఎత్తబోతోంది. పొద్దుగూకే వేళ, కుప్ప మీద అక్కడక్కడ నిప్పు కణకణలాడుతోంది.

"నచ్చత్రాల దుమ్ము తూసినోడివి, ఇదెన్ని గంపలో సెప్పు మావా."

"రెండు" అన్నాను ధీమాగా.

ఆవిడ ఎత్తేసరికి తొమ్మిదయ్యాయి.

"మెరిసిందే లెక్కెట్టినావు. సల్లారిపోయిందంతా అడుగునుంది, బరువు దాందే. ఏటి మావా, ఆకాసం కూడా ఇలగే తూసినావా?"

నవ్వాను. ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక నవ్వు రాలేదు. వెచ్చని దుమ్ము కొంచెమే ఉన్నా బాగా వెలుగుతుంది. నక్షత్రాలకు దూరంగా పడి ఉన్న చల్లని దుమ్ము ఎంతున్నా మసకే. నా లెక్క దాన్ని దాదాపు వదిలేసింది.

వెంటనే హెడ్‌కు ఫోన్ చేశానని చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి నాలుగు రోజులు నోరు మెదపలేదు, పేరు పోతుందని. ఆ నాలుగు రోజులూ గోడ దగ్గరికీ వెళ్లలేదు. నన్ను పలకరించే మనిషి ఆవిడొక్కతే. ఐదో రోజు హెడ్‌కు చెప్పేశాను. చల్లని దుమ్ము కనబడే ఇంకా పొడవాటి తరంగాల బొమ్మలు కలిపి, రెండు ఉష్ణోగ్రతలతో మళ్లీ లెక్క చేయించారు. చేసింది వేరొకరు. బరువు పెరిగింది. నా పేరు కృతజ్ఞతల వరుసలోకి దిగింది.

నేర్చుకున్నది ఇది: వెలుగు ఎక్కువున్న చోటే బరువూ ఎక్కువుందనుకోకూడదు. లెక్కకు ముందు మెరవనిది ఎంతుందో అడగాలి. ఇంకొకటి, ఎవరి దగ్గర నేర్చుకున్నామో రాయాలి. తప్పు ఎలా పట్టావని హెడ్ అడిగితే, "రాత్రింబవళ్లు ఆలోచించాను సార్" అన్నాను. లచ్చమ్మ పేరు చెప్పలేదు.