ఎనిమిది జీబీ వచ్చేదాకా

కోటేష్ ఖమ్మంలో కంప్యూటర్స్ డిగ్రీ చదివాడు. దాంతో ఒక రోగం అంటుకుంది: ఏ యంత్రం మొరాయించినా లోపల ర్యామ్ ఎంత అని అడుగుతాడు. మణుగూరు దాటాక అడవి అంచు ఊళ్లో పంచాయతీ కార్యదర్శిగా చేరి ఆరేళ్లు. భార్య జ్యోత్స్న, పాప ఖమ్మం పక్క ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో ఉంటారు. ఆదివారాలు వెళ్లి వస్తాడు. ఆఫీసు ఇచ్చిన ట్యాబ్ మాత్రం ఎప్పుడూ వెంటే. రెండు జీబీ ర్యామ్. దాన్ని సంచిలోంచి తీసేటప్పుడల్లా ముసలి ఎద్దును కాడికి కట్టే రైతులా ముఖం పెడతాడు.

ఈ ఎండాకాలం ఇళ్ల పథకం సర్వే వచ్చిపడింది. గుడిసె ముందు మనిషిని నిలబెట్టి ఫొటో తీయాలి. ఫోన్‌తో తీస్తే చెల్లదు, ట్యాబ్‌లోని యాప్‌తోనే తీయాలి. ఊళ్లో సిగ్నల్ లేదు కనుక తీసినవన్నీ ట్యాబ్‌లోనే ఉంటాయి. రోడ్డు మలుపు దాకా వెళ్లి పైకి పంపాలి. కోటేష్ నలభై రెండు గుడిసెలు తీశాడు. మలుపు దగ్గర పంపబోతే ఒక్కటీ పోకముందే యాప్ మూసుకుపోయింది. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూసుకుంది. పదిహేను రోజులు అదే తంతు.

ఆ పదిహేను రోజులూ అతణ్ణి నిలబెట్టింది పుకార్లే. కార్యదర్శుల వాట్సాప్ గ్రూపులో కొత్త ట్యాబుల మీద చర్చ ఎన్నికల ముందు టికెట్ల చర్చలా సాగుతోంది. ఒకరు నాలుగు జీబీ అన్నారు, ఒకరు ఎనిమిది. చిప్పుల ధరలు ప్రపంచమంతా పెరిగాయి, మూడుకు మించి ఇవ్వరని ఇంకొకరు. నీళ్లు పడ్డా ఏమీ కాదట. పాతదాంట్లోని డేటా దానంతటదే కొత్తదాంట్లోకి వస్తుందట. మణుగూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే లచ్చిరాం ఇంకా ధీమాగా చెప్పాడు.

"ఎనిమిది పక్కా అన్నా. మా దోస్తు గోదాంల పెట్టె చూసిండు."

"పెట్టె తెరిసిండా?"

"పెట్టె మీద రాసుంటది గదనే! నువ్వు డిగ్రీ ఎట్ల పాసైనవో ఏమో."

"ఇది విప్పి అండ్లున్న ఫొటోలు బయటికి తియ్యరాదా?"

"లాకున్నది. ఏలు పెడితే మొత్తం పోతది. ఆగు, కొత్తది వస్తది."

కోటేష్ ఆగాడు. ఓపిక గొప్ప గుణమని బడిలో నేర్పుతారు. ఒకరి ఓపిక ఇంకొకరి ఇంటి మీద పడుతుందని నేర్పరు. ఇది నాగక్క ఇంటి మీద పడింది.

నాగక్కకు యాభై ఏళ్లు, వెనకా ముందూ ఎవరూ లేరు. ఏటా వానలకు ముందు గుడిసె మీది గడ్డి మార్చుకుంటుంది. ఫొటో తీసిన రోజు కోటేష్ "అయిపోయింది నాగక్కా" అన్నాడు. ఇల్లొచ్చినట్టే, పోయే గుడిసెకు కొత్త గడ్డి దండగ కదా అనుకుంది నాగక్క. మరుసటి వారమే గుడిసె పీకేసి, వాసాలు పొరుగింటి పగిడయ్య బర్రెల కొట్టానికి ఇచ్చి, అతని వసారాలో మంచం వేసుకుంది. ఆ ఊళ్లో బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అదే చేస్తారు.

సర్వే గడువు శుక్రవారం సాయంత్రం. బుధవారం కొత్త ట్యాబులు దిగాయి. పెట్టె మీద ఎనిమిది జీబీ అనే ఉంది. కోటేష్‌కు ఏడుపొచ్చినంత పనైంది. మండలాఫీసులో వాటిని పంచిపెడుతున్న మురళీకృష్ణ సత్తుపల్లి వైపు మనిషి, మర్యాదగానే చెయ్యి చాచాడు.

"పాతది ఇటివ్వండి."

"డేటా దీంట్లకు రావాలె గద సార్?"

"రాదండీ. పాతవి ఇప్పుడే చెరిపేసి వెనక్కి పంపాలి."

"నలభై రెండిండ్లున్నయి సార్ అండ్ల!"

"పైకి రానివి లేనట్టేనండీ. ఇంకా రెండు రోజుల గడువుందిగా, మళ్లీ తీసుకోండి."

కోటేష్ పాత ట్యాబ్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక నిలబడ్డవాళ్లు "జల్దీ అన్నా" అన్నారు. ఇచ్చేశాడు.

నలభై ఒక్క గుడిసెలు నిలబడే ఉన్నాయి. గురువారం మధ్యాహ్నానికి వాటిని తీసేసి, నాగక్క ఖాళీ జాగాలోకి వచ్చాడు.

"గుడిసె మళ్ల వెయ్యాలె నాగక్కా."

"ఏంది సారూ?"

"ఫొటో పోయింది. గుడిసె లేకుంటే ఇల్లు రాదు."

"గుడిసున్నోళ్లకు ఇల్లిస్తరు, అదీ లేనోళ్లకు ఇయ్యరా?"

"అవ్."

"ఇంత సదివినవు, ఒక్క ఫొటో దాసుడు రాలేదా కొడుకా?"

కోటేష్ పగిడయ్య ఇంటి వైపు నడిచాడు. కొట్టం నుంచి వాసాలు పీకుతుంటే పగిడయ్య అడ్డం రాలేదు కానీ, "బర్రెలకు మీరే జెప్పుకోండ్రి" అన్నాడు.

శుక్రవారం మూడున్నరకు గుడిసె లేచింది. మగ్గిన గడ్డి సగం కప్పుకే వచ్చింది, మిగతా సగం టార్పాలిన్. కార్యదర్శే దగ్గరుండి గుడిసె వేయించి ఫొటో తీయడం మోసమనేవాళ్లు అనవచ్చు. నాగక్కకు ఇల్లు లేదన్నది ఆ ఫొటో చెప్పే సంగతి. అందులో అబద్ధమేమీ లేదు.

కొత్త ట్యాబ్ రెప్పపాటులో ఫొటో తీసింది. ఇందులో చానా పడుతుందని కోటేష్ నాగక్కకు చెప్పాడు. మలుపు దగ్గర నలభై రెండూ ఒక్క దమ్మున పోయాయి. ప్రతి పేరు పక్కనా ఎర్రటి అక్షరాలు లేచాయి: క్షేత్ర పరిశీలన జరగాలి.

తిరిగొచ్చేసరికి నాగక్క గుమ్మంలోనే ఉంది.

"ఇగ పీకొచ్చా?"

"వద్దు. ఆఫీసరొచ్చి చూస్తడట. గుడిసె ఉండాలె, నువ్వు అండ్లనే ఉండాలె."

"ఎప్పుడొస్తడు?"

"తెల్వది."

నాగక్క పగిడయ్య వసారాలోంచి మంచం మోసుకొచ్చి గుడిసెలో వేసుకుంది. ఆరింటికి వాన అందుకుంది. మొదట గడ్డి వైపు కారింది, తర్వాత టార్పాలిన్ అతుకు దగ్గర. మంచం ఎటు జరిపినా కాళ్లో తలో తడుస్తోంది. కోటేష్ చంకలో ట్యాబ్ కూడా తడుస్తోంది. తెర వెలుగుతూనే ఉంది. పుకార్లలో అదీ నిజమే.

"అది తడుస్తంది సారూ."

"దానికేం కాదు."

"అండ్ల చానా పడుతదంటివి గద?"

"పడుతది."

"అయితే నన్ను గూడ అండ్లనే పెట్టు, ఆఫీసరొచ్చేదాక."

కోటేష్ టార్పాలిన్ కొస పట్టుకుని లాగాడు. ఇటు లాగితే అటు తేలుతోంది.