ఏడో తలుపు దగ్గర

మణికొండలో మా మనవరాలి ఫ్లాట్‌లో, భోజనాల బల్ల కింద ఒక పాత కంప్యూటర్ ఉంటుంది. పగలూ రాత్రీ గుర్రుపెడుతూనే ఉంటుంది. దాని మీద మా పిల్ల ఒక ఆట నడుపుతోంది. బొమ్మల్లేవు, తుపాకుల్లేవు, ఉత్త అక్షరాలే. 'నువ్వొక చీకటి గదిలో ఉన్నావు, ఉత్తరాన తలుపుంది' అని ఆట రాస్తుంది. ఎక్కడెక్కడివాళ్లో తమ ఇళ్లలో కూర్చుని 'ఉత్తరానికి వెళ్తాను' అని జవాబు రాస్తారు. ఆడేది పదిమంది కూడా ఉండరు. మొన్న అపార్ట్‌మెంట్‌లో కరెంటు పనుందని దాన్ని కట్టేస్తుంటే, "మరి లోపలున్నవాళ్ల సంగతేమిటే?" అన్నాను. "ఏం కాదు అమ్మమ్మా, ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉంటారు. మళ్లీ ఆన్ చేసేదాకా వాళ్లకి టైమ్ నడవదు" అంది. పోపు వేద్దామని లేచినదాన్ని, వెళ్లి ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను.

ఇలాంటి ఆట మేమూ నడిపాం. డెబ్బైల మొదట్లో, కంప్యూటరంటే ఎలా ఉంటుందో కూడా తెలియని రోజుల్లో. మా ఆయనకి లింగంపల్లి వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం. గోదావరి పక్కనుంచి వచ్చిన మేం, ఊళ్లో ఇల్లు తీసుకోకుండా గచ్చిబౌలి బండల మధ్య కిరాయికి దిగామంటే కారణం ఒక్కటే: అక్కడ ఎత్తుంది, ఆయన సరదాకి నడిపే వైర్‌లెస్‌కి తీగ కట్టుకోవడానికి చోటుంది. ఇప్పుడు ఆఫీసు బస్సులు బారులు తీరే ఆ చోట అప్పుడు సాయంత్రమైతే మేకలు తప్ప మరేం కదిలేవి కావు. సర్కారు ఇచ్చిన లైసెన్సుని ఫ్రేము కట్టించి, దేవుడి పటాల కంటే ఒక జానెడు ఎత్తున తగిలించారు. మా పెళ్లి ఫోటో మాత్రం పెట్టె అడుగునే ఉండిపోయింది. ఆదివారం పొద్దున్నే, తంతి ఆఫీసులో ఉండే మీటలాంటి కీ ముందు కూర్చుని చుక్కలూ గీతలూ కొడుతుంటే, ఇంటి యజమానురాలు గోడ మీదుగా తొంగిచూసి, "ఏందమ్మా, పొద్దుగాల్నుంచి మీ ఇంట్ల గా పురుగు అట్లనే అరుస్తుంది?" అనేది.

లైసెన్సులున్న మిగతావాళ్లంతా వైర్‌లెస్‌లో చదరంగం ఆడేవారు. మా ఆయనకి చదరంగంలో ఓడిపోవడం తప్ప మరొకటి రాదు. అందుకని కోట ఆట కనిపెట్టారు. నిజం చెప్పాలంటే కోట నాది, కొట్టడం ఆయనది. నేను వంకాయలు తరుగుతూ, "మెట్లు దిగితే గబ్బిలాల కంపు, పక్కన నీళ్ల చప్పుడు" అని తెలుగులో చెబితే ఆయన ఇంగ్లీషులో పొట్టి పొట్టి మాటలుగా కొట్టేవారు. అవతల ఎవరో 'దీపం వెలిగిస్తాను' అనేవారు. వినీ వినీ నాకూ ఆ చుక్కల భాష చెవికెక్కింది. ప్రతి ఆదివారం ఆట ఒక తలుపు దగ్గర ఆపడం మా పద్ధతి. తలుపు వెనక ఏముందో మాకూ తెలిసేది కాదు. వారమంతా ఉందిగా, వంటింట్లో ఏదో ఒకటి తోచకపోతుందా అని ధీమా.

ఆడేవాళ్లలో ఒరిస్సా వైపు రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. నడుం కింద చచ్చుబడి మంచాన పడ్డారట. ఆయన ఎప్పుడూ ఊరికే 'వెళ్తాను' అనేవారు కాదు. 'నడిచి వెళ్తాను' అనేవారు. మిగతావాళ్ల కంటే రెండు మెట్లు ఎక్కువే ఎక్కేవారు. ఏడో తలుపు దగ్గరికి అందరికంటే ముందు చేరింది ఆయనే. 'తోస్తున్నాను' అన్నారు. మా ఆయన నవ్వి, 'వచ్చే ఆదివారం' అని కొట్టి సెట్టు కట్టేశారు.

ఆ వారంలోనే మా ఆయనకి పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి లేదు, మాట లేదు. ఎడం చేత్తో కొడదామంటే అక్షరాలే చెదిరిపోయాయి. కీ మీద వేలు పెట్టి, ఏ చుక్క తర్వాత ఏ గీతో తెలియక నా మొహంలోకి చూసేవారు. అలాంటి చూపు పగవాళ్లకి కూడా వద్దు. లైసెన్సు ఆయన పేరున ఉంది. నేను వినొచ్చు, పలకకూడదు. పలికితే సెట్టు పోతుంది, లైసెన్సు పోతుంది. లేచి కూర్చుంటే మళ్లీ చేరుకోవడానికి ఆయనకి మిగిలింది అదొక్కటే. పెద్దాయనకి ఉత్తరం రాశాను: పరీక్షకి కడుతున్నాను, లైసెన్సు రాగానే నేనే తలుపు తీస్తాను, కాదంటే లోపలేముందో ఇందులోనే రాసేస్తాను అని. దానికి జవాబు ఆదివారం గాలిలోనే వచ్చింది. 'రాయొద్దు. ఆ తలుపు చప్పుడు చెవితో వినాలి. ఇక్కడే నిలబడి ఉంటాను. తొందర లేదు.'

అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే కబురు. 'తలుపు దగ్గరే ఉన్నాను.' ఆడేవాళ్లలో మదురై డాక్టరొకాయన జాలిపడి, కోట తలుపు తను తెరుస్తానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. పరీక్ష రాశాను, పాసయ్యాను. కాగితం మాత్రం రాదు. పోలీసు విచారణ అన్నారు, ఢిల్లీ అన్నారు. ఈలోగా పెద్దాయన చెయ్యి మెల్లబడింది. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య నేను బియ్యంలో రాయి ఏరి పారేసేంత ఎడం. ఇంటి యజమానురాలు నా అవస్థ చూడలేక, "నీకొస్తది గదా బిడ్డా, జర రెండు ముక్కలు కొట్టరాదు? ఈ బండలల్ల ఎవడొచ్చి జూస్తడు?" అంది. కీ మీద చెయ్యి వేశాను కూడా. మంచం మీంచి ఎడం చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆయన గోడ మీది ఫ్రేము వైపు చూసి, తల అడ్డంగా ఊపారు. కళ్లనిండా నీళ్లు. విడిపించుకోగలను, ఆ పట్టులో బలమెక్కడిది? విడిపించుకోలేదు.

కాగితం వానాకాలంలో వచ్చింది. వచ్చిన ఆదివారమే తలంటుకుని, ఆయన్ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, నా చేత్తో మొదటిసారి కొట్టాను: 'ఏడో తలుపు తెరుచుకుంది.' చాలాసేపు ఉత్త గరగర. తర్వాత మదురై డాక్టరుగారు పలికారు. పెద్దాయన పోయి రెండు వారాలయిందట.

అయినా లోపలున్నదంతా కొట్టాను. వారాల తరబడి కూడబెట్టింది, ఎవరికని దాచను? తలుపు వెనక గది లేదు. ఆరుబయలు, వెన్నెల, కనుచూపు మేరా చదునైన దారి. ఎంతదూరమైనా నడవొచ్చు. నా వేళ్లు ఆగాక చూస్తే మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత సెట్టు పెట్టమని ఎప్పుడూ అడగలేదు. ఆ రెండు వారాల మీద నాకిప్పటికీ కోపమే. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

కరెంటు పని అయ్యాక మా మనవరాలు కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసింది. "చూశావా అమ్మమ్మా, అందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు" అంది. ఉంటారు మరి. దాని ఆటలో మిషను కట్టేస్తే కాలం కూడా ఆగుతుంది. మా ఆటలో తలుపొక్కటే ఆగింది. దాని ముందు నిలబడ్డ మనిషికి కాలం నడుస్తూనే ఉంది.