కాంపౌండరు గారి పాతర

మా పశువుల కాంపౌండరు గారు పోయారని కబురు తెలిసినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. పచ్చిమేతను గుంటలో ఊరబెట్టి వేసవికి దాచుకునే మేతపాతర మూసి అప్పటికి ఇరవై రోజులే. నలభై అయిదో రోజున తానే వచ్చి తెరుస్తానని చెప్పి, ఇలా మధ్యలో వదిలేసి వెళ్ళడం ఏమైనా బాగుందా?

ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా కాలమైనా చోడవరంలో ఇంటిపట్టున ఉండటం ఆయనకు చేతకాలేదు. పొద్దున్నే మా ఊరొచ్చి దొడ్లో దూరేవారు. టీ ఇస్తే పక్కన పెట్టేసి, నీళ్ళతొట్టి అడుగు తడిమి, నాచు తగిలితే ఆ చెయ్యి నా మొహం ముందు పెట్టి, "ఈ నీళ్ళు నువ్వు తాగుతావేటమ్మా?" అనేవారు. ఈలోగా టీ చల్లారిపోయేది. మళ్ళీ వేడి చెయ్యాల్సింది నేనే.

చెరకు కొట్టే రోజుల్లో మేమంతా పచ్చి కొసలు పొలంలోనే వదిలేసి, ఎండాక తగలబెడతాం. వేసవిలో మేత లేక గేదెలను అమ్ముకుంటాం. "గేదెని కొనడం గొప్ప కాదమ్మా. ఎండల్లో దాని నోటికి ఏటి పెడతావో ముందు అది సెప్పు," అని ఆయన ఇంటింటికీ తిరిగి విసిగించేవారు.

కిందటేడు ఆయన పోరు పడలేక పాతర తవ్వించాం. కొసలు ముక్కలు చేసి, బెల్లం నీళ్ళు చల్లి, గట్టిగా తొక్కి, పట్టా కప్పి, పైన మట్టి మెత్తాం. నలభై అయిదు రోజులు మూత తియ్యొద్దన్నారు. నాకు తెలిసిన విద్య ఆవకాయ. మూడో రోజున తిరగ కలపాల్సిందే. ఆ సంగతి ఆయన మరిచిపోయారనుకుని, మూడో రోజున పట్టా తీసి, పారతో శుభ్రంగా కలిపి మళ్ళీ కప్పాను. గడువు నాటికి చూస్తే అంతా బూజు. గేదె వాసన చూసి మొహం తిప్పుకుంది.

నేను చేసింది విని ఆయన గట్టు మీద కూలబడ్డారు. "ఆవకాయనుకున్నావేటే తల్లీ," అన్నారు. మళ్ళీ తనే, "తప్పు నాదేలే. తియ్యొద్దన్నాను గానీ, గాలి తగిల్తే పాడైపోతాదని సెప్పలేదు," అన్నారు. నా తప్పు తన నెత్తిన వేసుకోవడం చూసి నాకు మరీ ఒళ్ళు మండింది. ఆ నెలలోనే గేదెను సంతకు తోలేశాం.

దాని పెద్ద పెయ్య ఈ ఏడు ఈనింది. దీన్నీ అమ్ముకోవాలేమోనన్న బెంగతో ఈసారి నేనే వెళ్ళి ఆయన్ను పిలిచాను. వద్దంటున్నా వినకుండా మట్టి తానే మెత్తారు. ఆపైన రోజూ వచ్చి, నావంక అనుమానంగా చూసి, బీటలు వెతికి పూడ్చి వెళ్ళేవారు. ఆసుపత్రిలో మంచం మీంచి కూడా, "ఆ గుంట మూత తీసీసిందేటో ఫోన్ సేసి కనుక్కో," అన్నారట. వాళ్ళావిడ ఆ మాట చెప్పినప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

నేను తియ్యలేదు. నలభై అయిదో రోజున ఒక చివర మాత్రం తెరిచాను. పుల్లటి వాసన, పసుపు రంగు, ఎక్కడా బూజు లేదు. గేదె గంపలో మూతి పెట్టి మరి తలెత్తలేదు. ఈ వేసవికి దాన్ని అమ్మే పని లేదు.

పాతరను ఒక వైపు నుంచే, రోజుకు కొంచెం చొప్పున కోసుకుంటూ పోవాలి. అవతలి చివర మట్టిలో ఆయన అయిదు వేళ్ళ అచ్చు ఎండి అలాగే ఉంది. రోజూ గంప నింపుకుంటూ నేను అటే జరుగుతున్నాను.