అత్త తుడిచిన మంచు సముద్రం

నాకు ఆ పటం అంటే మొదట్నించీ గిట్టదు. మేనత్త మొగుడు, మా మావయ్య, ఓడ దిగి వస్తున్నాడంటే ఇంటిల్లిపాదీ కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసేవాళ్ళం. సెంటు సీసాలు, నైలాన్ చీరలు, ఒకసారి మీట నొక్కితే తెరుచుకునే గొడుగు, అన్నీ ఆయన పెట్టెలోంచే వచ్చేవి. ఆరోక్లాసు చదివే నాకు ఆసారి చేతి గడియారం తెస్తానన్నాడు. తెచ్చింది మాత్రం గోనెపట్టాలో చుట్టిన బరువైన చెక్క ఫ్రేము. లోపల అద్దం, అద్దం వెనక గోధుమరంగు తిరిగిన పాత పటం. ఏదో చలిదేశపు రేవులో, పాతసామాన్ల కొట్లో కొన్నాడట.

మా మేనత్త చూసి, "ఇంత బరువు మోసుకొచ్చి ఇదేటి? సగం కాయితం కాళీగానే ఉంది కదా!" అంది.

నిజమే. అంచుల వెంట సన్నని గీతలతో తీరాలు, కొండలు. ఓ మూల నీళ్ళు చిమ్ముతున్న తిమింగలం, ఇంకో మూల ఎలుగుబంటి. నడిమధ్య మాత్రం ఏమీ లేదు, తెల్లగా వదిలేశారు. కిందినుంచి ఒక చుక్కల గీత బయల్దేరి, దీవుల మధ్య మెలికలు తిరిగి, ఆ తెలుపు అంచుకు వచ్చి ఆగిపోతుంది. ఆగినచోట గోరంత ఓడ బొమ్మ.

మావయ్య ఆ గీత మీద వేలు పెట్టి చెప్పాడు. "ఉత్తరాన దారుందేమో సూద్దారని ఎల్లినోల్లు ఈల్లు. ఇదిగో, ఇక్కడ ఓడని మంచు పట్టీసింది. రెండు సలికాలాలు కదల్లేదు. ఇంటికాడోల్లు ఇంక లేరనుకుని ఏడిసీసి ఊరుకున్నారు."

"మరి తిరిగొచ్చిన గీతేదీ?" అన్నాను, గడియారం రాలేదన్న కోపంతో.

"ఓడ అక్కడే ఒగ్గీసి నడిసొచ్చినారే. గెడ్డాలేసుకుని వొచ్చీసినారు."

అత్తకు ఆ గడ్డాల మాట తెగ నచ్చింది. సెలవు ఉన్నన్నాళ్ళూ అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వేది. పిల్లల్లేరు వాళ్ళకి. మావయ్య సరుకు ఓడ మీద ఖలాసీ. ఏడాదికో నెల ఇంట్లో ఉంటే ఎక్కువ. మిగతా కాలమంతా అత్త, రేవు పక్కన వన్‌టౌన్‌లో ఉన్న మా ఇంటి వెనక గదిలోనే ఉండేది. పటం ఆ గదిలోనే తగిలించారు.

ఏడాది తిరక్కుండా మావయ్య ఓడ కనబడకుండా పోయింది. గల్ఫ్ నుంచి వస్తూ తుఫానులో చిక్కుకుందన్నారు. వెతికిస్తున్నామని కంపెనీవాళ్ళన్నారు. తరవాత వెతకడం మానేశామన్నారు. ఒక్క మనిషీ దొరకలేదు. హార్బరులో గుమాస్తాగా ఉన్న నాన్న ఆ కబురు పట్టుకొచ్చి గుమ్మంలోంచే చెప్పాడు. అమ్మ శోకాలు పెట్టింది. అత్త ఏడవలేదు. గదిలోకెళ్ళి పటం వంక చూసి, "అప్పుడూ ఇలాగే అనుకున్నారు కదా, ఆల్లు రాలేదేటి?" అంది.

ఇక అదే పాట. రేవులో ఓడలకెత్తే ఇనుపరాతి దుమ్ము మా వీధి మీద రోజంతా ఎర్రగా రాలేది. ఆరేసిన బట్టలూ, గిన్నెల మూతలూ, ఏదీ తప్పించుకునేది కాదు. మిగతా ఇల్లు ఎలా ఉన్నా అత్త పట్టించుకునేది కాదు గానీ, ఆ అద్దాన్ని మాత్రం పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేది. నుదుట పెద్ద బొట్టు, చేతినిండా గాజులు అలాగే ఉండేవి. వీధిలో ఆడవాళ్ళు పేరంటానికి అత్తను పిలవాలో మానాలో తెలీక, గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీదో తెలీదు.

నాన్నకు వేరే బాధ. కర్మ చెయ్యకపోతే బావకు నీళ్ళు దక్కవని ఆయన నమ్మకం. శవం దొరకనివాళ్ళకు దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యొచ్చని పంతులు చెప్పాడు. నాన్న ఆ మాటెత్తడం, అత్త పటం చూపించడం, నాన్న కంచం ముందునుంచి లేచిపోవడం. అత్తకు పిచ్చి పట్టిందని అందరం అనుకున్నాం. పటం ఎక్కడైనా దాచేద్దామని అమ్మ అంటే నాన్న ఒప్పుకోలేదు.

"దానికదొక్కటే ఆదారం. తీసీత్తే సచ్చిపోతాది" అన్నాడు.

స్టీలుప్లాంటుకు పునాదులు తవ్వుతున్న రోజులకి నేను కాలేజీలో చేరాను. నాలుగు ముక్కలు చదివేసరికి లోకంలో అందరి కళ్ళూ తెరిపించాలన్న తెగులు పట్టుకుంది నాకు. ఓ మధ్యాహ్నం అట్లాసు తీసుకెళ్ళి అత్త ముందు పరిచాను. ఇదిగో పటంలో ఉన్న చోటు, ఇదిగో మావయ్య ఓడ పోయిన చోటు. ఇక్కడ ఎండకు నీళ్ళు కూడా వేడెక్కుతాయి, మంచు ఎక్కణ్ణుంచి వస్తుంది అత్తా, అన్నాను. గట్టిగానే అన్నాను.

అత్త అట్లాసు వంక చూడనైనా లేదు. అద్దం తుడిచిన గుడ్డ పిండి కిటికీ మీద ఆరేసింది.

"అక్కడ మంచు ఉండదని నాకు తెల్దేటే?"

నేను అట్లాసు మూసేశాను. "మరి ఇదంతా ఎందుకు?" అన్నాను.

"మీ నాన్న బొమ్మ సేసి కాల్చీత్తాడు. అందరూ ఓపాలి గట్టిగా ఏడుత్తారు. పదకొండోరోజు బోజనాలెడతారు. మీకు ఆయేలతో అయిపోతాది కోడలా. మీ మావ మాట ఇంక ఎవులూ ఎత్తరు. ఇప్పుడైతే, నన్ను పిచ్చిదాన్నని తిట్టుకోడానికైనా రోజూ ఆయన మాటొత్తంది ఇంట్లో."

ఆ మాటలు ఆవిడ కంట తడి లేకుండా చెప్పింది. ఏడ్చింది నేను. నాన్న పనినుంచి వచ్చేదాకా ఆగలేదు నా ఏడుపు. ఏమైందని ఆయన నన్ను నిలదీశాడు. జవాబు అత్త చెప్పింది. "ఏటీ లేదన్నియ్యా. పంతుల్ని రమ్మను" అంది.

ఎందుకు ఒప్పుకుందో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. నాతో చెప్పేశాక ఇక పట్టుకుని కూర్చోవడానికి ఏమీ మిగల్లేదనుకుంటాను. లేదా నా ఏడుపు చూసి, ఈ ఇంట్లో ఒక్కరైనా ఆయన్ని గుర్తుంచుకుంటారనుకుందేమో. అలా అనుకుంటే మాత్రం పొరబడింది.

పటం ఆవిడే దించి మంచం కిందికి తోసింది. వానలకు చెమ్మ పట్టి, ఆనక చెదలు తినేశాయి. సముద్రపు ఒడ్డున బొమ్మను కాల్చారు. గాజులు తీసేరోజున అత్త తనే చేతులు చాచి కూర్చుంది. చూడలేక అమ్మ లోపలికి పోయింది. తలమీంచి బండ దించినట్టు నాన్న తేలికపడ్డాడు. భోజనాల దగ్గర వడ్డన అంతా దగ్గరుండి చూసుకున్నాడు.

ఆ వారం దాటిందో లేదో, ఓ సాయంత్రం నాన్న రేడియో పెట్టాడు. వార్తలొచ్చాయి, తరవాత సినిమా పాటలొచ్చాయి. అమ్మ వంటింట్లోంచి గొంతు కలిపింది. నేను పరీక్షలకు చదువుకుంటున్నాను. మావయ్య పేరు ఎవరం ఎత్తలేదు, ఆ రోజు గానీ, ఆ నెలలో గానీ. అత్త వెనక గదిలోంచి వచ్చి, కాసేపు మా అందరి ముఖాలూ చూసి, లోపలికెళ్ళి తలుపు దగ్గరికేసుకుంది.