సేపలు అని వెతికిన రోజు

నిన్న పొద్దున్న పలాసలో మా రిపేరు షాపుకు ఒక పాత కంప్యూటరు వచ్చింది. పక్క రేకు విప్పి బ్లోయరు పెట్టగానే లోపలి దుమ్మంతా లేచి, దానితోపాటు ఎండుచేపల వాసన గుప్పుమని ముఖాన కొట్టింది. మా వీధి చివర జీడిగింజలు కాల్చే బట్టీ ఉంది. రోజంతా ఆ పొగే మేం పీల్చే గాలి. దాన్ని కూడా తోసుకుని వచ్చిందంటే ఈ వాసన ఎంత గట్టిదో ఊహించుకోండి. షాపులో పనిచేసే కుర్రాళ్ళిద్దరూ ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ వాసన నన్ను పన్నెండేళ్ళ కిందటి టెక్కలికి, కొర్లయ్య మావయ్య బల్ల ముందుకి లాక్కుపోయింది.

కొర్లయ్య మావయ్యది భావనపాడు. సముద్రంలో చేపల వేటకు వెళ్ళే కుటుంబం. సగం జీవితం బోటు ఇంజిన్లు బాగుచేసి, నడుం పట్టేశాక టెక్కలి వచ్చి, బస్టాండు వెనక వీధిలో కంప్యూటర్ల రిపేరు షాపు పెట్టారు. ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, "సెడిపోయిన కంప్యూటర్లే నేర్పినాయి" అనేవారు. నేను సంతబొమ్మాళి దగ్గర ఒక రైతు ఇంటి పిల్లని. విశాఖపట్నంలో డిప్లొమా చేసి, సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆయన దగ్గరికి ఉద్యోగానికి వెళ్ళాను. ఆయన కవరు విప్పలేదు. గురగురమంటున్న ఒక కేబినెట్ నా వైపు తిప్పి, చెవి ఆనించమన్నారు. "ఏటి ఇనపడతంది?" అని అడిగారు. "ఫ్యాన్ బేరింగ్ పోయింది సార్" అన్నాను. "సార్లు ఆఫీసుల్లో ఉంటారు. మావయ్యా అను. రేపట్నించి వొచ్చీ" అన్నారు. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. నా సర్టిఫికెట్లకు ఆ రోజు చాలా అవమానం జరిగిందని ఇప్పటికీ అంటుంటాను.

ఆయన షాపులో ఒక పద్ధతి ఉండేది. కంప్యూటరు రాగానే దాని నెత్తిన తెల్ల టేపు ముక్క అంటించి, జబ్బు ఏమిటో రాయాలి. అయితే మన మాటల్లో కాదు, తెచ్చినవాళ్ళు అన్న మాటల్లోనే. మొదటి వారం నేను చక్కగా 'స్లో', 'హ్యాంగ్' అని రాశాను. ఆయన వరసగా అన్నీ పీకేశారు. "ఆ మేస్టారు ఏటన్నారు? 'దమ్ము తీత్తంది' అన్నారు. అదే రాయి. నీ మాట రాత్తే నీ జబ్బే కనపడతాది, ఆయన జబ్బు కనపడదు" అన్నారు. నాకు లోపల మండిపోయింది. విశాఖలో నేను 'సెప్పు' అన్న ప్రతిసారీ హాస్టలంతా పడీపడీ నవ్వేవారు. అద్దం ముందు నిలబడి 'చెప్పు, చూడు, చేస్తున్నావు' అని సాధన చేసి, రెండేళ్ళు కష్టపడి నాలుక వంచుకున్నాను. ఇప్పుడు ఈయన వచ్చి, వదిలించుకున్నదాన్నే మళ్ళీ రాయమంటాడేమిటి అనుకున్నాను. ఆయన ఎదురుగా ఉంటే వాళ్ళ మాటలే రాసేదాన్ని, లేకపోతే దిద్ది రాసేదాన్ని.

ఆయన జేబులో వలతాడు ముక్కతో కట్టిన పెన్ డ్రైవు ఒకటి ఎప్పుడూ ఉండేది. అందులో కంప్యూటరుని నడిపించే లినక్సూ, దానితోపాటు పనిముట్లూ ఉండేవి. మెమరీని పరీక్షించేది ఒకటి, చచ్చిపోతున్న డిస్కుకు నకలు తీసేది ఒకటి, పోయిన ఫైళ్ళు వెతికేది ఒకటి. అన్నీ ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోగలిగినవే. దొంగ సీడీలు గడప తొక్కనిచ్చేవారు కారు. ఒకరోజు ఒక మాజీ సర్పంచి గారు ఆ సంగతి విని, "ఊరికే వచ్చినవి మా కంప్యూటర్లో పెట్టకండి, ఊరికే వచ్చేదాంట్లో ఏముంటుంది?" అన్నారు. మావయ్య స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, "బాబూ, మా ఊర్లో తెప్ప ఒడ్డుకొచ్చినప్పుడు మీరెప్పుడైనా సూసారా? ఎవుల తెప్పో తెలీకపోయినా ఒడ్డున ఉన్నోళ్ళందరూ తాడట్టుకుని లాగుతారు. అదీ ఊరికేనే. ఇయ్యీ అంతే. ఎక్కడో ఉన్న తెలీనోళ్ళు మనకోసం తాడట్టుకున్నారు" అన్నారు. సర్పంచి గారు తన కేబినెట్ ఆయన వైపు తోసి, "అయితే నాకూ ఆ తాడే కట్టు" అన్నారు. షాపంతా నవ్వులు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే గురమ్మ వచ్చింది. భావనపాడులో ఎండుచేపల వ్యాపారం ఆమెది. కంప్యూటరుని చీరముక్కలో చుట్టి ఆటోలో తెచ్చింది. ఆమె తండ్రికి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది గాని, మాట పోయింది. ఆపరేషన్‌కు ముందే గురమ్మ ఆయన చేత చేపల పేర్లు, ఏ గాలికి ఏ చేప వస్తుందో ఆ కబుర్లు ఫోనులో చెప్పించి, ఈ కంప్యూటర్లో దాచింది. తర్వాత ఆ ఫోను సముద్రంలో పడిపోయింది. ఇక ఆయన గొంతు మిగిలింది ఈ డిస్కులోనే. "మా అయ్య గొంతు ఇందులోనే ఉండిపోనాది అమ్మా. ఫైలుకి సేపలు అని పేరెట్టినాను. ఎలాగైనా తీసియ్యండి" అంది. మావయ్య చెవి ఆనించి విన్నారు. లోపల టక్కు టక్కుమంటోంది. "దీనికి ఎక్కువసేపు నేదు. ముందు నకలు తీయ్" అన్నారు. ఆ నకలుకు సాయంత్రం దాకా పట్టింది. మర్నాడు ఆ నకలు మీద ఫైళ్ళు వెతికే పనిముట్టు నడిపితే, ఫోల్డర్లన్నీ చెదిరిపోయి వేల పేర్లు ఒకే కుప్పగా వచ్చి పడ్డాయి. అందులో ముప్పాతిక మంది సినిమా హీరోలే, ఆమె తమ్ముడి పుణ్యం!

నేను వెతికాను. ఇంగ్లీషు అక్షరాల్లో 'చేపలు' అని కొట్టాను. లేదు. 'చేప' అన్నాను. లేదు. 'నాన్న', 'కథలు', 'చెప్పినవి', ఏవీ లేవు. గురమ్మకు ఫోన్ చేసి దొరకలేదండీ అని చెప్పేశాను. "సర్లే అమ్మా, నువ్వేటి సేత్తావు" అని పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఈలోగా ఒక ఫోటో స్టూడియో వాళ్ళ డిస్కు కూడా పోయే స్థితిలో వచ్చింది. నకళ్ళకు మా దగ్గర ఉన్న పెద్ద డిస్కు ఒక్కటే, గురమ్మ నకలు ఉన్నదీ దాని మీదే. గురమ్మ అసలు డిస్కు అప్పటికే తిరగడం మానేసింది. గురమ్మ నకలును చెరిపేయడానికి ఆదేశం టైపు చేశాను, ఇక ఎంటర్ కొట్టడమే మిగిలింది.

అప్పుడే మావయ్య టీ తాగి వచ్చారు. తెర చూడలేదు, కేబినెట్ మీద టేపు చూశారు. దాని మీద నా అందమైన రాతలో 'చేపల ఫైలు పోయింది' అని ఉంది. "ఈ మాట గురమ్మదా, నీదా?" అన్నారు. "ఆవిడదే మావయ్యా." "గురమ్మ 'చేపలు' అందా?" నా వేలు కీబోర్డు మీదే ఆగిపోయింది. "ఏటే గుంటా, ఆవిడ నోటితో పలికినట్టు ఎతుకు" అన్నారు. ఆదేశం తుడిచేసి, 'చ' బదులు 'స' పెట్టి, 'సేపలు' అని కొట్టాను.

పదకొండు ఫైళ్ళు! ఒకటి తర్వాత ఒకటి. 'అయ్య సెప్పిన సేపలు' ఒకటి నుంచి పదకొండు దాకా. నేను నవ్వుతూ ఏడ్చాను. నవ్వు దొరికినందుకు, ఏడుపు నా బుద్ధికి. రెండేళ్ళు అద్దం ముందు నేర్చుకున్న ఆ ఒక్క అక్షరమే ఒక మనిషి గొంతు మింగేయబోయింది. ఆ మాటే పైకి అన్నాను. మావయ్య కోప్పడలేదు. "అచ్చరం తప్పు కాదు పాపా. ఆవిడ మాట దిద్దావు సూడు, అదీ తప్పు. ముందు గురమ్మకి ఫోన్ సెయ్" అన్నారు.

సాయంత్రం గురమ్మ తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. మెడకు తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడాయన. మొదటి ఫైలు పెట్టాం. స్పీకర్లోంచి గరగరమనే గొంతు, "కోనాం... సందువా... కవళ్ళు..." అంటూ మొదలుపెట్టింది. ముసలాయన పెదవులు ఆ గొంతుతోపాటే కదిలాయి. ఉన్నట్టుండి ఆ గొంతు, "ఎహె, ఆ ఫోను నా మూతికాడ ఎట్టకే!" అని కసిరింది. ఆయన బల్ల మీద చేత్తో కొడుతూ, చప్పుడు లేకుండా, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. "ఓలమ్మోలమ్మ, అప్పుడూ తిట్టడమే!" అని గురమ్మ ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. ఆ రోజు ఉన్నంత సంతోషంగా నేను ఏ పండక్కీ లేను.

మర్నాడు మావయ్య నా చేత ఒక ఉత్తరం రాయించారు. ఆ ఫైళ్ళు వెతికే పనిముట్టును తయారుచేసిన, ఏ దేశంలోనో ఉన్న మనిషికి, ఇక్కడ ఒక పెద్దాయన గొంతు దొరికిందని. "తాడట్టినోడికి తెప్ప ఒడ్డుకొచ్చిందని తెలియొద్దా?" అన్నారు. వారం తర్వాత జవాబొచ్చింది. ఆయన చాలా సంతోషించాడట, చేపల పేర్లు తనకూ పంపమన్నాడు. మావయ్య దాన్ని ప్రింటు తీయించి, సర్టిఫికెట్ ఉండాల్సిన చోట గోడకు అంటించారు.

మావయ్య పోయి మూడేళ్ళయింది. అంతకుముందే, పలాసలో నేను సొంతంగా షాపు పెట్టుకున్న రోజున వచ్చి, వలతాడు కట్టిన ఆ పెన్ డ్రైవు నా చేతిలో పెట్టి వెళ్ళారు. అందులోని పనిముట్లు అన్నీ ఇప్పటికి ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. తాడు మాత్రం అదే.

నిన్న ఆ ఎండుచేపల కంప్యూటరు తెచ్చిన ముసలమ్మ, నేను దాన్ని విప్పకముందు, గుమ్మంలోనే నిలబడిపోయి, పట్నంలో చదువుకున్న దానితో ఏం మాట్లాడాలో తెలియనట్టు బెరుకుగా చూసింది. నేను స్టూలు ముందుకు జరిపి, "కూకో అమ్మా. ఏటైనాదో సెప్పు" అన్నాను. ఆమె ముఖం విచ్చుకుంది. "నిన్నట్నించీ అలిగి కూకుండిపోనాది తల్లీ" అంది. నేను టేపు చింపి, అక్షరం కూడా మార్చకుండా రాసి అంటించాను.