నోటికి వచ్చే పేరు

ఆ బైండరుకి నలభై ఆరేళ్లు. పాత పుస్తకాలు విప్పి, చిరిగిన కాగితాలు అతికించి, మళ్లీ కుట్టి, కొత్త అట్ట వేయడం ఆయన పని. ఇరవై రెండేళ్లపాటు కాలేజీ ఎదుటి పాత భవనంలో, మెట్ల కింద గదిలో ఆ పని చేశాడు. ఎవరికీ దారి చెప్పాల్సిన అవసరమే రాలేదు. "మెట్ల కింద నత్తాయన" అంటే చాలు, దారిన పోయేవాళ్లే తీసుకొచ్చి దింపేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన తల ఎత్తకుండా సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండిపోయేవాడు.

మొన్న వేసవిలో ఆ భవనం కూల్చేశారు. కాగితాలు నొక్కే మర, కత్తి, అట్టల దొంతరలు అన్నీ ఇంటి వెనక గదికి చేరాయి. అక్కడికి రావాలంటే సందులో రెండు మలుపులు తిరిగి, నీళ్ల ట్యాంకు పక్కనున్న ఇనప మెట్లు ఎక్కాలి. బోర్డు పెడదామంటే వీధికి కనపడే గోడ లేదు. ఎవరైనా ఫోన్ చేసి దారి అడిగితే ఆయన గుండెల్లో రాయి పడేది. ఫోను మోగుతుంటే దాన్నే చూస్తూ, అది ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ఆగాక, పోయిన పని గురించి దిగులు.

నత్తి ఆయనకి చిన్నప్పటి నుంచీ ఉంది. అన్ని అక్షరాల దగ్గరా ఒకేలా కాదు. కాతో, పాతో, బాతో మొదలయ్యే మాటలైతే గొంతు దగ్గరే తలుపేసుకునేవి. అందుకే మాటలకి మారుమాటలు వెతకడంలో ఆయనకి సాటి లేదు. కాగితం రాకపోతే షీటు అనేవాడు. పుస్తకం అనలేక ఇరవై రెండేళ్లు "ఇది" అనే అన్నాడు. మారుమాట దొరకని చోట ఎదుటివాళ్లు ఏది అందిస్తే దానికే తలూపేవాడు. ఒకసారి కర్టెన్ల కొట్లో "ఆ... ఆ..." అంటూ ఆకుపచ్చ అడగబోతే, "ఆరెంజా?" అన్నాడు కొట్టతను. ఈయన అలసిపోయి ఊ అన్నాడు. ఆ ఆరెంజ్ కర్టెన్లు ఇంట్లో ఆరేళ్లు వేలాడాయి.

ఆయన భార్య ఆసుపత్రిలో టోకెన్ల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రోగుల పేర్లు గట్టిగా పిలవడమే ఆమె ఉద్యోగం. ఎంత పొడుగు పేరైనా ఒక్క ఊపులో పిలిచేస్తుంది. ఇంట్లో ఆయన మొదలుపెట్టిన ప్రతి మాటనీ పూర్తి చేసేది ఆమే. సాయం చేస్తున్నాననే అనుకునేది.

ఇలా ఉండగా ఒకరోజు లైబ్రేరియన్ మేడమ్ చెదలు తిన్న మూడు నిఘంటువులు పట్టుకుని ఇనప మెట్లెక్కి వచ్చింది. బాగుచేసే పనుల మీద లైబ్రరీ హాల్లో ఒక కార్యక్రమం పెడుతున్నామని చెప్పింది.

"గడియారాలాయన వస్తున్నాడు, పెన్నులు బాగుచేసేవాళ్లు వస్తున్నారు. మీరూ రావాలి. పని చేసి చూపించండి చాలు. చివర్లో మిమ్మల్ని ఎక్కడ వెతుక్కోవాలో ఒక్క మాట మైకులో చెప్పండి. ఇప్పుడందరూ అకౌంటు పేరే చెప్తున్నారు, జనం అక్కడికక్కడే ఫోన్లో చూసుకుంటారు. మీకు అకౌంటు ఉందా?"

ఆయన లేదన్నట్టు తలూపాడు.

"అయితే పెట్టుకోండి. రెండు వారాలుంది. పేరు మాత్రం ఒకసారి వింటే గుర్తుండిపోవాలి."

ఆమె దిగి వెళ్లిపోయింది. ఆయనకి మాత్రం మైకు అన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి.

ఆ ఆదివారం బావమరిది వచ్చాడు. ఫోన్ కవర్లు అమ్మే మూడు దుకాణాలున్నాయతనికి. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఫోన్ ఇలా ఇవ్వు బావా. ఐదు నిమిషాల పని. పేరేం పెడదాం? బుక్ బాస్! ఎలా ఉంది?"

బైండరు పెదాలు బిగుసుకున్నాయి. రెండు బా అక్షరాలు, పక్కపక్కనే.

"పుస్తకాల డాక్టరు అని పెట్టరా" అంది భార్య.

బావమరిది కొట్టి చూశాడు. "ఎవరో తీసేసుకున్నారక్కా. చివర నలభై ఏడు తగిలిస్తే ఇస్తానంటోంది."

"నలభై ఏడెందుకు? మీ బావకింకా నలభై ఆరే."

ఇద్దరూ నవ్వారు. ఆయన కూడా పళ్లు బయటపెట్టాడు. వాళ్లు పేరు చెప్పినప్పుడల్లా దాన్ని లోలోపల పలికి చూసుకుంటున్నాడు. ఒక్కటీ గడప దాటడం లేదు.

చివరికి భార్యకి ఒక పేరు తట్టింది. "కొత్త పుట!" అంది, తనకే ఒళ్లు పులకరించినట్టు. కొట్టి చూస్తే ఎవరూ తీసుకోలేదు. "చూశారా, మనకోసమే ఉన్నట్టుంది!"

"వ... వద్దు" అన్నాడాయన.

"ఎందుకొద్దు?"

ఆయన మర మీద ఉన్న దుమ్ము తుడవసాగాడు.

"నలుగురు మెచ్చుకునే పేరు నాకు తట్టిందనా? ఏం తక్కువైంది దానికి?"

ఏం తక్కువైందో చెప్పాలంటే ముందు ఆ పేరు పలకాలి. కక్కలేక మింగలేక ఆయన లేచి మెట్ల మీదికి వెళ్లి నిలబడ్డాడు. బావమరిది కాస్త కంగారుపడి, "పెట్టాక మార్చుకోవచ్చక్కా, ఏం కాదు" అంటూ చెప్పులేసుకున్నాడు. భార్య రెండు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

మూడో రోజు ఆమె డ్యూటీ నుంచి గంట ముందే వచ్చింది. వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నించి చప్పుడు. మొదట మర ఇరుక్కుందేమో అనుకుంది. తర్వాత అర్థమైంది.

"కొ... కొ... కొ..."

తలుపు సందులోంచి చూసింది. కత్తిరించగా మిగిలిన కాగితపు పేలికల మీద పేర్లు రాసి, బల్ల మీద వరుసగా పరిచి, ఒక్కోదాన్నీ ఎదురుగా పట్టుకుని పలకడానికి ప్రయత్నిస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. చొక్కా వీపుకి అంటుకుపోయింది. తను పెట్టిన పేరు రాసిన పేలిక చెమటకి మెత్తబడి ఉంది. ఎన్నిసార్లు పట్టుకున్నాడో!

ఆమె నోటిదాకా వచ్చింది ఆ మిగతా సగం. "త్త పుట" అనేస్తే ఆ బాధ ఆగిపోతుంది. చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకుంది. తర్వాత తలుపు తోసి లోపలికి వచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన చాలాసేపు తీసుకున్నాడు. ఆమె ఒక్క అక్షరం కూడా అందించలేదు. అలా కూర్చోవడం ఆమెకి ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

"నువ్వు... చె... చెప్పనివ్వవు కదా" అన్నాడు చివరికి.

అంతే. ఆమె కళ్లు తుడుచుకుని, "సరే, ఏ అక్షరాలు వస్తాయో అవే చెప్పండి. అక్కణ్నుంచి మొదలెడదాం" అంది.

సా వస్తుంది. లా వస్తుంది. మా అయితే చాలావరకు వస్తుంది. ఎందుకంటే మా దగ్గర పెదాలు మూసుకున్నా ముక్కు తెరిచే ఉంటుంది, గాలి ఎలాగో బయటపడుతుంది. మొదటి అక్షరం ఒక్కటి దాటితే తర్వాతవి అంతగా ఇబ్బంది పెట్టవు. గొడవంతా గడప దగ్గరే. ఇరవై ఏళ్ల కాపురంలో ఈ సంగతులు ఆమె మొదటిసారి వింటోంది.

గదిలో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే తీసి చూశారు. మైదాతో కాచిన జిగురుని ఆ పనివాళ్లు లై అంటారు. లై చిన్న మాట, ఆయన నోటికి తేలిక. "బావుంది గాని, ఇంగ్లీషులో రాస్తే అబద్ధమని అర్థమొస్తుందండీ. అబద్ధాలాయన దగ్గరికి ఎవరొస్తారు?" అంది ఆమె. సూది బాగానే పలికాడు. మర్నాడు భోజనాల వేళ ఆమె ఆసుపత్రిలో ముగ్గురికి ఆ మాట చెప్పి ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టమంటే ముగ్గురూ మూడు రకాలుగా కొట్టారు. నోటికి వచ్చినా, విన్నవాళ్ల వేలికి రావాలి కదా.

మైనం నిలబడింది. కుట్టే దారం చిక్కుపడకుండా దానికి మైనం రుద్దుతారు. ఆసుపత్రిలో ఐదుగురిలో నలుగురు ఒకేలా కొట్టారు. కాని ఉత్త మైనం ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. ఆ అకౌంటులో ఒక పిల్లి ఫొటో తప్ప ఏమీ లేదు. ఆ పిల్లిని చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇక ఐదు రోజులే ఉంది.

"మైనం... మ... మనిషి?" అన్నాడు.

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీకు సరిగ్గా సరిపోయింది. కాస్త వేడి తగిలితే చాలు, కరిగి కూర్చుంటారు."

ఫోన్లో కొడితే ఆ పేరు దొరికింది, అకౌంటు తెరిచారు. దొరికాక కూడా ఆయనకి నిద్ర పట్టలేదు. ఈలోగా ఇంకెవరైనా ఇలాంటి పేరు పెట్టేసుకుంటారేమోనని రోజుకి పదిసార్లు ఫోన్ తీసి చూసేవాడు. బస్సులో, స్నానాల గదిలో, జిగురు కలుపుతూ, అదే మాట గొణుక్కునేవాడు. ఎక్కువసార్లు పలికితే అరిగిపోయి అదీ రాకుండా పోతుందేమోనని ఇంకో భయం.

శనివారం పొద్దున పదింటికి లైబ్రరీ హాలు నిండింది. భార్య సెలవు పెట్టి వచ్చి రెండో వరుసలో కూర్చుంది. "నేనేం మాట్లాడను" అని ఇంట్లోనే మాటిచ్చింది. తనమీద తనకి నమ్మకం లేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

చేతులతో పని చేసి చూపించినంతసేపూ ఆయనకి భయం లేదు. వీపు ఊడిన నిఘంటువుని విప్పి, విడివిడి కట్టలుగా చేసి, మైనం రుద్దిన దారంతో గొలుసుకుట్టు వేస్తుంటే జనం కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. తర్వాత మేడమ్ మైకు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"వీరిని ఎక్కడ వెతుక్కోవాలో వీరే చెప్తారు."

ఆయన పెదాలు మూశాడు. గాలి ముక్కులోంచి బయల్దేరింది.

"మ్మ్మ్మ్మ్మ్..."

మైకు ఆ శబ్దాన్ని హాలు నాలుగు మూలలకీ మోసుకెళ్లింది. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. ముందు వరుసలో ఒకామె చూపు తిప్పుకుంది. మేడమ్ సాయం చేయబోయి ఆగిపోయింది. ఆయన అరచేతుల్లోంచి చెమట బల్ల మీద ముద్రలు వేసింది. ఆపేద్దామా అనుకున్నాడు. కాని ఊపిరి ఇంకా ఉంది.

"...మైనం మనిషి."

హాల్లో అందరూ తలలు వంచి ఫోన్లలో ఆ పేరు కొట్టడం మొదలుపెట్టారు. అప్పుడు మూడో వరుసలోంచి కళ్లజోడు పెద్దాయన ఒకరు లేచారు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగారు.

"నాకు దొరకట్లేదండీ. మొదట్లో ఎన్ని ఎమ్‌లు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. భార్య రుమాలు ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఒకటేనండీ" అన్నాడు బైండరు. "మిగతావన్నీ నావి."

ఎక్కడా తట్టుకోకుండా వచ్చేసింది. ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. హాలు హాలంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వుతూ, ఎక్కువైన అక్షరాలు చెరిపేసి, "ఆఁ, దొరికారు!" అన్నారు.

తిరిగొస్తుంటే బస్సులో ఆయన అడిగాడు. "వాళ్లు నవ్వింది నన్ను చూసా, ఆ మాటకా?"

"మాటకే."

రెండు స్టాపులు దాటాక మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. ఇల్లు చేరేలోగా నాలుగుసార్లయింది. నాలుగోసారి ఆమెకి కూడా కాస్త అనుమానం వచ్చింది గాని బయటపడలేదు.

సాయంత్రానికి ఆయన్ని అనుసరించేవాళ్లు ముప్ఫై ఒకరు తేలారు. అందులో ఒకటి భార్యది, ఒకటి బావమరిదిది, మూడు వాడి ఫోన్ కవర్ల దుకాణాలవి. మిగతావాళ్లు ఎవరో. నెల తిరిగేసరికి వాళ్లలో ఆరుగురు ఇనప మెట్లెక్కి వచ్చారు. దారి ఆయన ఫోనులో చెప్పలేదు. సందు మొదలు నుంచి గదిదాకా ఫొటోలు తీసి అకౌంటులో పెట్టాడు. ఫోను మోగితే మాత్రం ఇప్పటికీ ఉలిక్కిపడతాడు.

మొన్న మధ్యాహ్నం ఒకామె సందేశం పంపింది. ఇంట్లో పైపు పగిలి పుస్తకాలన్నీ తడిసిపోయాయట, ఏం చేయాలని. ఆయన శ్రద్ధగా వివరంగా రాసి పంపాడు. "బండి నడుపుతున్నాను, చదవలేను. వాయిస్ పంపండి ప్లీజ్" అని ఆమె గొంతుతోనే జవాబొచ్చింది.

పదిహేడుసార్లు రికార్డు చేసి చెరిపేశాడు. పద్దెనిమిదోది ఒక నిమిషం పన్నెండు సెకన్లు వచ్చింది. ఇరవై సెకన్ల సంగతే అది. కళ్లు మూసుకుని పంపేశాడు. ఆమె విన్నట్టు గుర్తు పడింది. గదిలో ఇటూ అటూ తిరిగాడు. కిటికీ తీశాడు, వేశాడు. నవ్వుకుంటోందా? పక్కవాళ్లకి వినిపిస్తోందా?

ఫోను టింగుమంది. మళ్లీ ఆమె గొంతే.

"రోడ్డు మీద హోరుగా ఉంది, చివర సరిగా వినపడలేదు. ఎండలో పెట్టాలా, నీడలోనా? మళ్లీ ఒకసారి చెప్పరూ?"

ఆయన ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని బొత్తాం నొక్కిపెట్టాడు.

"నీ... నీ... నీడలోనండీ" అన్నాడు. ఈసారి చెరపలేదు.